రెండు సంచుల ఎరువు వెంట

మార్కాపురం చూడ్డానికి తెనాలి నుంచి ఎవరూ వెళ్లరు. పని ఉంటే వెళతారు, పని అవగానే వచ్చేస్తారు, వచ్చాక ఎండల గురించి చెబుతారు. నేనూ పని మీదే వెళ్లాను. ఆ పని చెత్త గురించి.

కాస్త వివరంగా చెప్పాలి. నేను తెనాలిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఒక్క సంవత్సరాలు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. అసిస్టెంటు అంటే గొప్పగా ఊహించుకోకండి. పరీక్షనాళికలు కడగడం, పగిలితే ఎవరు పగలగొట్టారో చెప్పడం, యాసిడ్ ఒలకబోసుకున్నవాడి చేతుల మీద నీళ్లు పోయడం. రిటైరయ్యాక మేడ మీద కుండీల్లో ఆకుకూరలు వేశాను. మా కాలేజీలో పన్నెండేళ్లు క్యాంటీన్ నడిపి, తర్వాత సొంతూరు మార్కాపురం వెళ్లి కిరాణా దుకాణం పెట్టుకున్న ఖాదర్ బాషాకు ఈ సంగతి తెలిసి నాకు రెండు సంచుల ఎరువు పంపాడు. రెండూ ఇళ్లలో చెత్తను కుళ్లబెట్టి చేసినవే. ఒకటి మార్కాపురంలో నారాయణమ్మ అనే ఆవిడ చేసింది. రెండోది గిద్దలూరులో ఖాదర్ బావమరిది రసూల్ చేసింది. నారాయణమ్మ ఎరువు వేసిన కుండీల్లో తోటకూర నడుమెత్తు లేచింది. గిద్దలూరు ఎరువు వేసినవాటిలో మర్యాదగా పెరిగింది. నాలుగు నెలలు రెండూ తిన్నాం.

మా మేనకోడలు సుధ గుంటూరులో మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, చేతులు ఊరుకోక, రెండు రకాల కుండీల్లోంచీ ఆకులూ మట్టీ పట్టుకుపోయింది. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, "మామయ్యా, ఆ మార్కాపురం కూర ఎంతమంది తింటున్నారు?" అని అడిగింది. ఆ అడగడం నాకు నచ్చలేదు. ఆకులో సీసం ఉందట, ఉండదగిన దానికంటే బాగా ఎక్కువ. ఎరువులోనూ ఉంది. గిద్దలూరు సంచిలో చెప్పుకోదగ్గంత లేదు. సీసం పెద్దవాళ్లను నిదానంగా, చిన్నపిల్లల్ని తొందరగా పాడుచేస్తుంది. పిల్లల్లో మెదడు మీదికి పోతుంది. పైకి ఏమీ కనిపించదు.

"అది ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కో. ఈ కాగితం చూపించి ఎవరినీ బెదరగొట్టకు" అని తర్వాతి ఆదివారం వచ్చి సుధ రిపోర్టు నా చేతిలో పెట్టింది. మా ఆవిడ ఆ సాయంత్రం నుంచి నన్ను సీసం తినిపించినవాణ్ణి చూసినట్టు చూసింది. అది నిజమే.

దొనకొండ

గుంటూరులో ఎక్కిన రైలు వినుకొండ దాటాక తొందర మానేసింది. మా వైపు కిటికీలోంచి చూస్తే కాలవ, వరి, కొబ్బరిచెట్టు వంతులవారీగా వస్తాయి. ఇక్కడ కంది, మిరప, రాయి, మళ్లీ రాయి. నేల ఎర్రగా, ఎవరినీ మెప్పించాలన్న తాపత్రయం లేకుండా ఉంటుంది.

దొనకొండలో చాలాసేపు ఆగాం. రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని ఇక్కడికే వస్తుందని రోజూ పేపర్లో చదివాం. నా ఎదురు సీట్లోకి ఎక్కిన పెద్దాయన ఆ విషయం ఇంకా పూర్తిగా వదులుకున్నట్టు లేదు.

"అదిగో, ఆ కందిచేను కనపడుతుందే, అది సెక్రటేరియట్టు" అన్నాడు వేలు చూపించి.

"ఆ పక్కది?"

"అది మా బామ్మర్ది చేను. అప్పుడు బంగారం మాదిరి అడిగినారు, ఇయ్యలేదు. ఇప్పుడు అడిగేవాడు లేడు. కంది ఏసినాడు." తర్వాత, "నువ్వు యాడికి పోతున్నావు నాయనా?" అన్నాడు.

"మార్కాపురం. చెత్త చూడ్డానికి."

"మీ ఊర్లో లేదా?"

"ఉంది. ఇక్కడిది బాగుంటుందని విన్నాను."

ఆయన ఆలోచించాడు. "పోనీలే, ఏదో ఒకటి బాగుందన్నావు" అని తాను పది రూపాయలకు కొనుక్కున్న ఉడికిన శనక్కాయల్లో సగం నా చేతిలో పోశాడు.

మార్కాపురం

స్టేషను పేరులో రోడ్డు ఉందంటే ఊరు అక్కడ లేదని అర్థం. మార్కాపురం రోడ్డులో దిగితే ఖాదర్ బాషా స్కూటరు మీద సిద్ధంగా ఉన్నాడు. మనిషి కొంచెం లావయ్యాడు. గడ్డం తెల్లబడింది. క్యాంటీన్ రోజుల్లోలాగే, నేను ఏం తింటానో నన్ను అడగకుండా నిర్ణయించాడు.

వాళ్లింట్లో మధ్యాహ్నం అన్నం, మటన్, తోటకూర పప్పు. పప్పు నా వైపు జరుపుతూ ఖాదర్ భార్య, "మా వీధంతా నారాయణమ్మ కూరే అన్నా. మందు కొట్టదు ఆయమ్మ" అంది. నేను తలూపి మటన్ మీద మనసు పెట్టాను. మా ఊళ్లో నీళ్లు కుళాయి తిప్పితే వస్తాయి, కాలవ నీళ్లు, కాచుకు తాగుతాం. ఇక్కడ గ్లాసులోవి డబ్బా నీళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కనక ఇంటింటికీ ఇరవై లీటర్ల డబ్బా వస్తుంది. దాన్నెవరూ ఇబ్బందిగా చెప్పలేదు, పేపరు వస్తుందన్నట్టు చెప్పారు.

తిన్నాక ఖాదర్‌ను దుకాణం వెనక్కి తీసుకెళ్లి రిపోర్టు చూపించాను. అతను చదివాడు, మడిచాడు, మళ్లీ చదివాడు.

"నీళ్లల్లో ఫ్లోరైడ్ ఉందని ఎవరో సార్లు వచ్చి చెప్పినారు. నీళ్లు కొనుక్కుంటున్నాం. ఇప్పుడు నువ్వొచ్చి కూరలో సీసం అంటున్నావు. ఇంక గాలి ఒకటి మిగిలింది. దాని మీద ఎవరొస్తారో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆయమ్మ మనవరాలు ఉందన్నా. రెండున్నరేండ్లు. పాలు పడవు ఆ పిల్లకు. పొద్దున, మాపు ఆ కూరే పెడుతుంది. ఇట్ల కాగితం పట్టుకొని పోయి చెప్తే ఆయమ్మ ఏమైపోతుంది? ముందు అది యాడనుంచి వస్తుందో చూద్దాం."

నాకూ అదే సౌకర్యంగా తోచింది.

నారాయణమ్మ తోట

ఊరి చివర, బైపాస్ ఇవతల అరెకరం. చుట్టూ చెట్టుచేమ లేని బయలు, మధ్యలో ఇది మాత్రం పచ్చగా. తోటకూర, పాలకూర, చుక్కకూర మళ్లు గీత గీసినట్టున్నాయి. నారాయణమ్మకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, మాట మాత్రం గట్టిది. కూతురు పలకల ఫ్యాక్టరీలో పనికి పోతుంది. ఆ కూతురి బిడ్డ హారిక అవ్వ కొంగు పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

ఆవిడ పద్ధతి చెబుతాను. రోజూ పొద్దున్నే మూడు చక్రాల బండి తొక్కుకుంటూ రెండు వీధుల్లో ఇంటింటికీ వెళ్లి తడి చెత్త తెచ్చుకుంటుంది. చెత్తకు డబ్బులు ఇవ్వదు, తీసుకోదు. వారానికొకసారి ఇంటికో కూర కట్ట ఇస్తుంది. ఎవరి బకెట్లోనైనా ప్లాస్టిక్ కనిపిస్తే ఆ బకెట్ వాళ్ల గుమ్మం ముందే బోర్లించి వస్తుంది, ఆ వారం కూర లేదు. మునిసిపాలిటీ బోర్డులు పెట్టి చెప్పించలేనిది ఆవిడ తోటకూర కట్టతో చెప్పించింది.

నేను ఎరువు కుప్పలన్నీ కర్రతో కెలికాను. సెల్లు బ్యాటరీలు, పగిలిన ట్యూబులైటు, రంగు డబ్బా, ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నాను. ఒక జడపిన్ను దొరికింది. నారాయణమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని సిగ్గుపడింది. "ఇది మూడో ఇంటి కోడలిది. రేపు అడుగుతా" అంది.

మాట్లాడుతూనే పాత చీర ముక్కలో మూటగట్టిన బూడిదను మళ్ల మీద దులుపుతోంది. ఆకుల మీద సన్నగా పడుతోంది.

"పురుగుకు ఇదే నా మందు. ముందర ఇండ్లల్ల పొయ్యి బూడిద కాలవలో పోసేవాళ్లు. నేనే చెప్పినా, చల్లారినాక బకెట్లో ఏయండి, భూమికి మంచిదని. ఐదేండ్లాయె. ఎరువులో కొంత, ఆకు మీద కొంత" అంది.

"చాలా మంచి పద్ధతి. మా నాయనమ్మ కూడా చల్లేది" అన్నాను. ఈ మాట రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ అన్నాను.

పోయేటప్పుడు ఊరికే పోనివ్వలేదు. జొన్నరొట్టె, తోటకూర పప్పు, శనక్కాయల పొడి. మా వైపు రొట్టె అంటే షుగరు వచ్చినవాళ్లు డాక్టరు చెప్పాక తినేది. ఇక్కడ ఇష్టంగా తింటారు, అది చేత్తో తట్టే చప్పుడు బయటికి వినిపిస్తుంది. ఆవిడ నా ముందు కూర్చుని రొట్టె తుంచి, పప్పులో అద్ది పిల్ల నోట్లో పెడుతోంది. పిల్ల నోరు తెరుస్తోంది, నములుతోంది, మళ్లీ తెరుస్తోంది. నా పళ్లెంలో కూర మిగిలిస్తే ఎందుకని అడుగుతుంది. తినేశాను. మారు వడ్డించింది. అదీ తిన్నాను.

ఆ రోజే చెప్పాల్సింది. సుధ బెదరగొట్టొద్దందని, ఖాదర్ ఆగమన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, తినిపిస్తున్న ఆ చేతిని చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కంభం మీదుగా గిద్దలూరు

గిద్దలూరు ఎరువులో లేనిది ఇక్కడేముందో పోల్చి చూద్దామని మర్నాడు పొద్దున ఖాదర్, నేను బస్సెక్కాం. కంభంలో టిఫిన్ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, రెండూ కలిపి నలభై రూపాయలు. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెడితే ఉగ్గాని. మా తెనాలిలో బొరుగులు సాయంకాలం పొట్లంలో తప్ప పళ్లెంలోకి రావు. తిన్నాక తెనాలి ఇడ్లీ గురించి నేను సాధారణంగా చెప్పే మాటలు చెప్పలేదు. బస్సులోంచి కంభం చెరువు కాసేపు కనిపించింది. మా ఊరి చెరువు దగ్గర అవతలి గట్టున ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవచ్చు. ఇక్కడ అవతలి గట్టు కోసం వెతికాను, బస్సు మలుపు తిరిగింది.

గిద్దలూరు బస్టాండులో ఒక నష్టం జరిగింది. సుధకు ఇద్దామని నారాయణమ్మ తోట నుంచి కోసిన ఆకుల్ని గుడ్డ సంచిలో పెట్టి, పైన చీటీ అంటించి, బెంచీ మీద పెట్టాను. టీ తాగి వచ్చేసరికి ఒక మేక వాటిని తినేసి చీటీ నములుతోంది.

"మేకకేమన్నా అవుతుందా?" అన్నాడు ఖాదర్.

"దాన్ని తిన్నవాళ్లకు అవుతుంది."

ఖాదర్ ఆ మేకను బాగా గుర్తుపెట్టుకుంటున్నట్టు చూశాడు.

రసూల్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. పెరట్లో రెండు సిమెంటు తొట్లలో చుట్టుపక్కల పది ఇళ్ల చెత్తతో ఎరువు చేస్తాడు. అతని ఎరువు శుభ్రంగా ఉందని చెబితే సంతోషించాడు. నారాయణమ్మ ఎరువులో కూర ఇంతకంటే బాగా పెరిగిందని ఖాదర్ చెబితే ఆ సంతోషం తగ్గించుకున్నాడు. నేను పుస్తకం తీసి అడగడం మొదలుపెట్టాను. కూరగాయల తొక్కలు? వేస్తాం. టీ పొడి? వేస్తాం. గుడ్ల పెంకులు? వేస్తాం. బూడిద? అది లేకపోతే ఎట్ల, వేస్తాం. పుస్తకంలో మార్కాపురం ఒక వైపు, గిద్దలూరు ఒక వైపు రాసుకుంటూ పోయాను. రెండు వైపులా ఒకటే వచ్చింది. మధ్యలో గీత అనవసరంగా గీశాను.

"బస్సు దుమ్ములో వచ్చినారు, స్నానం చేయండి" అని రసూల్ పెరట్లో వేణ్ణీళ్ల పొయ్యి ముట్టించాడు. నేను పొయ్యి ముందు రాయి మీద కూర్చున్నాను. చేయడానికి ఇంకేమీ లేక కట్టెల వైపు చూశాను.

"ఇదేం కట్టె?"

"కందికట్టె. చేలల్ల ఊరికే పడుంటుంది. ఇంకేం ఏస్తాం?"

"ఖాదర్, మీ వీధిలో నీళ్లు దేంతో కాస్తారు?"

"తలుపులతో" అన్నాడు ఖాదర్.

అన్నాక అతనూ నా వైపు చూశాడు.

ఆ తలుపుల కథ ఇది. ప్రాజెక్టు కింద మునిగే ఊళ్లు ఆ పక్కన కొన్ని ఉన్నాయి. జనం ఇళ్లు వదిలి వచ్చేటప్పుడు తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు పెరుక్కుని వచ్చారు. బాగున్నవి కొత్త ఇళ్లకు బిగించుకున్నారు. విరిగినవి, చెదలు పట్టినవి కట్టెల డిపోలకు చేరాయి. ఎప్పటిదో గట్టి కర్ర కనక ఒక ముక్క పెడితే ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగుతాయి. చవక. మార్కాపురంలో ఆ రెండు వీధులూ కొన్నేళ్లుగా వాటితోనే స్నానం చేస్తున్నాయి.

"రంగు ఉంటుందా వాటికి?"

"ఎందుకుండదు? పచ్చ రంగు. పెళ్లికో పూత, పండక్కో పూత. గోరంత మందాన ఉంటుంది. మండేటప్పుడు బుడగలు వస్తాయి."

పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేదని మా ల్యాబులో పిల్లలకు చెప్పేటప్పుడు వెనక నిలబడి ఏటా విన్నాను. కర్ర కాలిపోతుంది. సీసం కాలదు, బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదను కాలవలో పారబోయకుండా, జాగ్రత్తగా చల్లార్చి, తడి చెత్త బకెట్లో వేయమని నారాయణమ్మ ఇంటింటికీ చెప్పి అలవాటు చేసింది. మిగిలింది జల్లించి ఆకుల మీద చల్లింది.

స్నానం చేయకుండానే లేచాను. రసూల్ ఒప్పుకోలేదు. చేసి, అతని పొయ్యిలో బూడిద ఒక పొట్లం కట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాం.

మళ్లీ మార్కాపురం

మూడో రోజు పొద్దున ఖాదర్ నాలుగిళ్ల నుంచి పొయ్యి బూడిద తెచ్చాడు. దాన్ని పట్టుకుని ఊళ్లో ఒక కాలేజీకి వెళ్లి, కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటును కలిశాను. ముక్కూమొహం తెలియని మనిషి. నేనెవరో, ఎన్నేళ్లు చేశానో చెప్పాను. నా వేళ్ల మీద యాసిడ్ మచ్చలు చూశాడు, తన వేళ్లు చూపించాడు. ఇంకేమీ అడక్కుండా బర్నర్ వెలిగించాడు. రెండు బూడిదలనూ విడివిడిగా యాసిడ్‌లో మరిగించి వడగట్టాం. రెండు నాళికల్లోనూ నీళ్లలాంటి నీళ్లు. పొటాషియం అయొడైడ్ చిన్న సీసాలో పోసిచ్చి, "నాళికలు మాత్రం తెచ్చి ఇయ్యి సార్" అన్నాడు. ఇంటర్ పిల్లలు చేసే పరీక్షే. సీసం బాగా ఉంటే పసుపు రంగు కనిపిస్తుంది.

మేం వెళ్లేసరికి నారాయణమ్మ వరండాలో పిల్లకు కూరన్నం పెడుతోంది. నేను నాళికలు ఇటుకకు ఆనించి నిలబెట్టాను. ఇది గిద్దలూరు బూడిద, కందికట్టెది. ఇది మీ వీధుల బూడిద, తలుపులది. మొదటిదాంట్లో చుక్కలు వేశాను. ఏమీ కాలేదు. రెండోదాంట్లో వేశాను. పసుపు విరిగింది, మెల్లగా అడుక్కి దిగింది. అది రాకపోతే బాగుండునని ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి కోరుకున్నాను.

"పసుపు మాదిరి వచ్చె. ఏందన్నా అది?" అంది నారాయణమ్మ.

చెప్పాను. సీసం అని, రంగులోదని, బూడిదలో నుంచి ఎరువులోకి, ఎరువులో నుంచి ఆకులోకి వచ్చిందని, ఆకు మీద చల్లింది నేరుగా వచ్చిందని. చిన్నపిల్లలకు చెడ్డదని. రిపోర్టు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకోలేదు. పిల్ల బుగ్గలు పట్టుకుని, నోట్లో వేలు పెట్టి ముద్ద బయటికి తీసింది. కొంగుతో నాలుక తుడిచింది. పిల్ల ఏడుపు అందుకుంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అంది, పిల్లను భుజాన వేసుకుని.

"బయల్దేరకముందే."

"మొన్న నా ఇంట్లో రొట్టె తింటివే. అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"నేను ఈ బిడ్డకు పెడుతుంటే చూస్తా కూర్చుంటివి."

ఖాదర్ అడ్డొచ్చి, "నేనే ఆగమన్నా అక్కా" అన్నాడు. ఆవిడ అతని వైపు తిరగలేదు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చేస్తున్న పని ఆగిపోతుంది.

తర్వాత ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది. "దీన్ని యాడ ఏయాల?" మడిలో కూరను చూపించి. పశువులకు వేయకూడదు, మళ్లీ ఎరువులో వేయకూడదు, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి అన్నాను. మధ్యాహ్నం ఎండలో ముగ్గురం పీకడం మొదలుపెట్టాం. కూతురు పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తోట సగం ఎర్రమట్టి అయిపోయింది. తల్లి రెండు మాటల్లో చెప్పింది. ఆ అమ్మాయి చెప్పులు విడిచి మడిలోకి దిగింది.

ఖాళీ గంప

నాలుగో రోజు పొద్దున నారాయణమ్మ ఎప్పుడూ కూర అమ్మే మూల మీద ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. ముందు గంప పెట్టుకుంది. గంపలో ఏమీ లేదు. మానేస్తే సరిపోతుంది కదా, వచ్చి కూర్చోవడం ఎందుకని ఖాదర్ అడిగితే, "రాకపోతే జరం వచ్చిందనుకుంటారు. ఫ్రిజ్జుల్లో పెట్టుకున్న కూర తింటారు" అంది.

వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నా కూరలో సీసం పడింది, ఇంట్లో ఉంటే పారేయండి, పిల్లలకు పెట్టొద్దు. గొంతు తగ్గించలేదు. ఒకామె, "ఇన్నాళ్లు తింటిమి, ఏమాయె?" అని నవ్వింది. ఒకాయన ఆవిడ చెప్పేది పూర్తిగా విని, పక్కనే ఇంకో బండి దగ్గర తోటకూర కొన్నాడు. రోజూ రెండు కట్టలు కొనే టీచరమ్మ ఒకావిడ మాత్రం చాలాసేపు అక్కడే నిలబడి, మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల అని చెప్పి, ఏడుస్తూ వెళ్లిపోయింది. కాన్పుల డాక్టరుకు ఈరోజే చెప్పండమ్మా అని నేను వెనక నుంచి అన్నాను.

తర్వాత బండి లేకుండా నడిచి రెండు వీధులూ తిరిగింది, నేను వెంట వెళ్లాను. బకెట్లో బూడిద వేయొద్దని, రంగు తలుపులు కాల్చొద్దని, పొగ కూడా మంచిది కాదని. ఒక ముసలావిడ పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "ఐదేండ్లు బూడిద ఏయలేదని తిడితివి. ఇప్పుడు ఏస్తే తిడుతున్నావు. తలుపులు కాల్చొద్దంటే నీళ్లు దేంతో కాచుకోవాలమ్మా, మా మనవడి డిగ్రీ సర్టిఫికెట్లతోనా?" అంది. కందికట్టె తెచ్చుకోండని నేను అన్నాను. తెచ్చేదెవరని ఆవిడ అడిగింది.

ఆఖరి ఇంటి దగ్గర నారాయణమ్మ ఆగి, "ఆ సీసాలో పోసి చూసినావే. పిల్లలో ఎంతుందో ఎట్ల చూస్తారు?" అంది.

"రక్తం తీస్తారు. గుంటూరులో."

"నీ రైలు ఎన్నింటికి?"

గుంటూరు

అదే రైల్లో నారాయణమ్మ, హారిక నాతో వచ్చారు. పిల్ల కిటికీ దగ్గర నిలబడి వినుకొండ దాకా ప్రతి మేకనూ లెక్కపెట్టింది, రెండు తర్వాత మళ్లీ ఒకటి. రక్తం ఇచ్చాక ఫలితం వచ్చేదాకా తెనాలిలో మా ఇంట్లోనే ఉన్నారు. మా ఆవిడతో నారాయణమ్మ బాగానే మాట్లాడింది. నాతో అవసరమైనంతే మాట్లాడింది. మేడ మీద నా కుండీలు చూసి తన ఎరువు వేసినవి ఏవో చెప్పకుండానే గుర్తుపట్టింది, ఒక్కొక్కటే తీసి మూల పెట్టింది. సుధ తలుపుల బూడిద పరీక్ష చేసి అందులో సీసం మెండుగా ఉందని చెప్పింది. అప్పటికి అది ఎవరికీ వార్త కాదు.

పిల్లకు మా ఇంటి ఇడ్లీ నచ్చలేదు. అన్నం ముందు పెడితే వేలితో పక్కకు జరిపి, "అవ్వా, మన కూర" అనేది. నారాయణమ్మ గుడ్డు ఒలిచి పెట్టేది. పిల్ల నోరు బిగించేది.

రక్తం ఇచ్చిన ఐదో రోజు గుంటూరులో డాక్టరు గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన చిన్నవాడు, ఓపికమంతుడు. కాగితం చూసి, రక్తంలో సీసం ఉందమ్మా, ఉండకూడనంత ఉంది, కానీ మందులు వాడాల్సినంత లేదు అన్నాడు. కూర ఆపేశారు కదా, అదే పెద్ద మందు. గుడ్డు, పప్పు పెట్టండి, ఐరన్ రాస్తాను, పాలు పడవంటున్నారు కనక కాల్షియం కూడా. మూడు నెలలకు మళ్లీ చూద్దాం. మెల్లగా తగ్గుతుంది. బుద్ధి ఎదుగుదల మీద ఏమైనా ఉందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేం, చూస్తూ ఉండాలి.

నారాయణమ్మ అన్నీ వింది. పిల్ల ఆమె ఒడిలో డాక్టరు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది.

"అంతా పోయేదానికి ఎన్ని దినాలు పడుతుంది సారూ?"

"ఇన్ని రోజులని చెప్పలేమమ్మా. కొంత ఎముకల్లో చేరుతుంది. అది నిదానంగా పోతుంది."

ఆవిడ డాక్టరును కాదు, నన్ను చూసి అడిగింది.

"నేను పెట్టినన్ని దినాలా, అన్నా?"